సన్నాసి దేవుడి ఒడి

రాయిలోకి దిగిన పసుపు ఒక పట్టాన వదలదు. పైపైన కనిపించేది నీళ్లకే పోతుంది గానీ, నూనెతో కలిసి సన్న బెజ్జాల్లోకి పోయింది మాత్రం అక్కడే కాపురం పెట్టేస్తుంది. సన్యాసిరావు ముల్తానీ మట్టిని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, కాగితం గుజ్జు వేసి పిసికి, ఇడ్లీ పిండిలా అయ్యాక దేవుడి మోకాలి మీద అరచేత్తో అద్దాడు. అది ఎండి, నెర్రెలిచ్చి, తనంతట తాను ఊడేదాకా ఆగాలి. ఊడిన పెచ్చు లోపలి వైపు పచ్చగా ఉంటే పని జరిగినట్టు. తొందరపడి గీకితే పసుపుతో పాటు రాయీ లేచిపోతుంది.

"మొకానికి మట్టి, మోకాలికి మట్టి. నా పెల్లిలో కూడా నాకింత సోకు సెయ్యనేదు" అన్నాడు దేవుడితో.

దేవుడేమీ అనలేదు. ఆయనెప్పుడూ ఏమీ అనడు. కాళ్లు మడిచి, అరచేతి మీద అరచెయ్యి వేసి ఒళ్లో పెట్టుకుని, కళ్లు సగం మూసి, ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుని ఉంటాడు. చెవులు భుజాల దాకా జారి ఉంటాయి. తల మీద మూడు గొడుగులు, ఒకదాని మీద ఒకటి. ఇల్లూ వాకిలీ కట్టుబట్టా అన్నీ వదిలేసినవాడు గనక ఊరివాళ్లు సన్నాసి దేవుడని పేరు పెట్టుకున్నారు. ఆయన కూర్చున్నది సన్నాసిమెట్ట. భీమిలి దాటాక సముద్రం వైపు ఒంటరిగా లేచిన ఆ మెట్ట మీద నిలబడితే, ఆకాశం తేటగా ఉన్న రోజున, విశాఖ పోర్టులో చోటు కోసం కాచుక్కూచున్న ఓడలు దూరంగా చీమల్లా కనిపిస్తాయి.

నిరుడు ఆ గుడి చుట్టూ ఇనుప కంచె వచ్చింది. గేటుకి తాళం వచ్చింది. 'ప్రాచీన జైన బసది' అని నీలం బోర్డు వచ్చింది. తాళంచెవి సన్యాసిరావు మొలతాడుకి వచ్చింది. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు ఒక ఖాకీ చొక్కా, ఒక ఈల ఇచ్చారు. పసుపు రాయనివ్వకూడదు, నూనె పొయ్యనివ్వకూడదు, పంచె కట్టనివ్వకూడదు, కొబ్బరికాయ కొట్టనివ్వకూడదు. ఊరి ఆడవాళ్ల నుంచి ఊరి దేవుణ్ణి కాపాడటం, అదీ ఉద్యోగం. ఇటుక బట్టీల్లోనూ రొయ్యల చెరువుల మీదా నడుం విరగ్గొట్టుకున్నాక దొరికిన నీడపట్టు పని. వదులుకోడానికి మనసు రాదు. చెయ్యడానికీ రాదు.

"అన్నియ్యా! ఉన్నావేటి?"

కంచె అవతల సీతాలు. పెద్దమ్మ కూతురు, తనకన్నా చిన్నది. చంకలో పాత చీరలో చుట్టిన మనవడు, చేతిలో పసుపు పొట్లం. ఆమె వచ్చిన పని అతనికి తెలుసు. తెలియనట్టు చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

"సెవుడొచ్చిందేటి? నిన్నే."

"ఉన్నాను. ఉండక యాడికెల్తాను? పసుపు తేవొద్దని సెప్పినానా నేదా?"

"గుంటడికి మూడో నెల ఎల్లిపోతంది. ఇంకా పేరు నేదు. పిలవడానికి నోరాడక ఒరే, ఒరే అనుకుంటన్నాం. ఒక్క పాలి ఒళ్లో ఎట్టీ. బేగి ఎల్లిపోతాం."

ఆ ఊళ్లో పిల్లలు నిలవని ఇంట్లో బిడ్డ పుడితే సన్నాసి దేవుడి ఒళ్లో పెట్టాలి. ఎవరు పడితే వాళ్లు పెట్టకూడదు, అదే పేరున్న మగవాడు పెట్టాలి. బిడ్డ ఒళ్లో ఉండగా ఎవరో ఒకరు గట్టిగా 'సన్నాసీ' అని పిలవాలి. ఆ పిలుపు పడితే అదే బిడ్డ పేరు, ఇంక ఆ బిడ్డ దేవుడి బిడ్డ, చావు ముట్టుకోదు. ఏటికి ఒక్క బిడ్డే. పిలుపు పడ్డాక మళ్లీ కార్తీకం దాకా ఒడి నిండినట్టే. సన్యాసిరావుకి ముందు పుట్టిన ముగ్గురూ పోయారు, అతను మిగిలాడు. అలా పేరు పెట్టుకున్న మగవాళ్లు ఒకప్పుడు వీధికొకడు ఉండేవాడు. తాగి కొందరు, ముసలై కొందరు, వలస పోయి కొందరు, ఇప్పుడు మిగిలింది ఇతనొక్కడే. సీతాలు కూతురు సత్యశ్రీకి ఇద్దరు పుట్టి పోయారు. వీడు మూడోవాడు.

"ఆదోరం పెద్ద ఆపీసరొస్తన్నాడు" అన్నాడు. "ఒక్క సుక్క పసుపు కనపడినా నన్ను పీకేత్తారు."

"పసుపు మానేత్తాను. ఉత్తినే ఎట్టు."

"ఉత్తినే ఎట్టినా ముట్టుకోకూడదంట. అది ఆల్ల రూలు."

"నీకు బువ్వెట్టింది ఆల్లా, ఆయనా?"

సన్యాసిరావు తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. నిజం చెబితే వాళ్లే అని చెప్పాలి. సీతాలు పొట్లాన్ని కొంగున ముడేసుకుని, కంచె సందులోంచి దేవుడి వైపు కాసేపు చూసి, గుంటణ్ణి అటు తిప్పి చూపించి దిగిపోయింది. గుంటడు కంచెనే చూశాడు.

మర్నాడు తిరుమలరావు జీపులో వచ్చాడు. పురావస్తు శాఖ ఆఫీసులో అతనిది మధ్య మెట్టు ఉద్యోగం, పైవాళ్లకి వంగడం, కిందివాళ్ల మీద లేవడం. మండపం నాలుగు స్తంభాలూ చుట్టి, జేబురుమాలుతో దేవుడి మెడ మడత తుడిచి చూశాడు. రుమాలు మీద పచ్చగా పడింది.

"ఏటయ్యా ఇది రావ్? పసుపు ఇంకా ఉందిగా!"

"పాతదండీ. తరాలది. ఊరుతుందండీ."

"ఊరడానికి అదేమైనా నుయ్యా? సార్ మనవడితో సహా ఫ్యామిలీ అంతా వస్తున్నారు. సిటీ నుంచి హెరిటేజ్ వాళ్లు బస్సు వేసుకుని వస్తున్నారు. ఊళ్లో ఆడవాళ్లు ఎవత్తైనా లోపలికొచ్చిందని తెలిసిందా, సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

"అలాగేనండి."

రావ్. ఆ ఖాకీ చొక్కా వేసుకున్న రోజునే అతను తన పేరుని అక్కడికి కత్తిరించుకున్నాడు. మెట్ట కింద ఊళ్లో అది దేవుడి పేరు. మెట్ట దిగి బస్సెక్కితే తిట్టు. పని చేతకాని వాణ్ణి, పెళ్లాం మాట విననివాణ్ణి, టిక్కెట్టుకి చిల్లర లేనివాణ్ణి, అందరినీ లోకం ఆ పేరుతోనే పిలుస్తుంది. ప్రతిసారీ తిరిగి చూసి, తనని కాదని తెలుసుకుని, మళ్లీ తల తిప్పుకోవడంతోనే సగం జీవితం గడిచింది.

ఆదివారం పొద్దున్నే గుడి ఊడ్చాడు. చీపురు రాతి అతుకుల వెంట లాగితే లోపల ఇసుక ఆగదు, అంత దగ్గరగా ఉంటాయి రాళ్లు. బస్సు మెట్ట కింద ఆగింది. టోపీలూ, నీళ్ల సీసాలూ, కెమెరాలూ ఎక్కి వచ్చాయి. వాళ్లని నడిపిస్తున్న పెద్దమనిషి గుణశేఖర్, భవనాల డిజైను నేర్పే కాలేజీలో చెప్పి రిటైరైన మాస్టారు. సన్నగా, మోచేతుల దాకా మడిచిన చొక్కాతో, ఆయాసపడుతూ ఎక్కాడు. పైకి రాగానే చెప్పులు విప్పాడు. అక్కడ చెప్పులు విప్పమని ఏ రూలూ లేదు.

"ముందే లోపలికి వెళ్లకండి. ఇక్కడ ఆగి గోడ చూడండి."

"గోడ మీద ఏముంది సార్?" అందొక అమ్మాయి.

"ఏమీ లేదు. అదే చూడండి."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. అరచేతిని గోడకి ఆనించి నెమ్మదిగా పక్కకి జరిపాడు, గేదె వీపు నిమిరినట్టు.

"సున్నం లేదు, మట్టి లేదు. రాయి బరువే రాయిని పట్టుకుని ఉంది. గోరు దూర్చండి చూద్దాం, దూరదు. బొమ్మలు చెక్కిన గోడలో తప్పు ఎక్కడో ఒకచోట దాక్కుంటుంది. ఖాళీ గోడలో దాక్కోడానికి చోటుండదు. ఇది డబ్బు చాలక ఆపేసిన గుడి అని చాలామంది అనుకుంటారు. కాదు. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు కట్టిన గుడి."

వెనక నిలబడి వింటున్న సన్యాసిరావు గతుక్కుమన్నాడు. తనూ అలాగే అనుకున్నాడు. మేస్త్రీలు మధ్యలో పారిపోయి ఉంటారని చిన్నప్పుడు తాత చెబితే నమ్మాడు.

"పైకప్పు చూడండి. మెట్లు మెట్లుగా లోపలికి కుదించుకుంటూ పోయింది. ఆకాశాన్ని పొడవాలన్న ఆత్రం లేదు. ఇక గుమ్మం. ఎంతటివాడైనా వంగితేగానీ లోపలికి పోలేడు. వంగి లోపలికి అడుగేసి తలెత్తితే ముందు కనబడేవి మొహం కాదు, ఆ చేతులు. ఇప్పుడు ఎండెక్కడ పడుతోందో చూడండి."

ఎండ గుమ్మంలోంచి పలకలా లోపలికి జారి సరిగ్గా దేవుడి ఖాళీ అరచేతుల్లో ఆగి ఉంది. రోజూ ఆ ఎండని సన్యాసిరావు చూస్తూనే ఉన్నాడు. ఎండ అనుకున్నాడు, అంతే. అది ఎవరో కూర్చుని లెక్క కట్టి తెప్పించిన ఎండ అని ఇవాళ తెలిసింది. ఎన్నడో పోయిన ఆ మేస్త్రీల మీద మొదటిసారి గౌరవం పుట్టింది, ఇన్నాళ్లూ వాళ్లని పారిపోయినవాళ్లని తిట్టుకున్నందుకు సిగ్గూ పుట్టింది.

"ఈయన ఎవరండీ? మహావీరుడా?" అని అడిగారెవరో.

"పీఠం మీద గుర్తుండాలి. సింహం ఉంటే మహావీరుడు, ఎద్దు ఉంటే ఋషభనాథుడు. ఇక్కడ అరిగిపోయింది. ఇరవై నలుగురు తీర్థంకరుల్లో ఎవరో ఒకరు. పేరు చెప్పలేం."

పేరు లేకపోవడమేమిటి అనుకున్నాడు సన్యాసిరావు. చెప్పబోయాడు. అంతలో కింద కార్ల హారన్లు వినిపించాయి. తిరుమలరావు పరుగున దిగాడు.

పెద్దాఫీసరు వచ్చాడు, ఆయన భార్య ధనలక్ష్మి వచ్చింది, నాలుగేళ్ల మనవడు వచ్చాడు. వాళ్ల వెనకే, ఎవరొచ్చారో చూద్దామని ఊరి ఆడవాళ్లు కొందరు ఎక్కి కంచె పట్టుకుని నిలబడ్డారు. అందులో సీతాలు. చంకలో గుంటడు. సన్యాసిరావు ఈల నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేదు. కంచె అవతల నిలబడకూడదని ఎవరూ చెప్పలేదు.

పెద్దాఫీసరు గుడిని మొత్తంగా ఒక్క చూపు చూసి "నైస్" అన్నాడు. మనవడు గుమ్మంలోంచి వంగకుండానే దూరి దేవుడి ముందు గెంతుతున్నాడు. ధనలక్ష్మికి ముచ్చటేసింది.

"బాబుని ఆయన ఒళ్లో కూచోబెట్టి ఒక ఫోటో తీద్దామండీ. ఎంత బావుంటుందో!"

"వద్దమ్మా" అన్నాడు గుణశేఖర్. "పాత రాయి. పైగా బూట్లున్నాయి."

"ఒక్క క్షణం సార్, ఏం కాదు" అన్నాడు తిరుమలరావు, మాస్టారికీ దేవుడికీ మధ్యలోకి వచ్చి. "ఏయ్ రావ్! ఇలారా. బాబు పడిపోకుండా పట్టుకో. నువ్వు ఫోటోలో పడకుండా పక్కకి వంగు."

సన్యాసిరావు కదల్లేదు. తిరుమలరావు కళ్లెర్రజేశాడు. గుణశేఖర్ ఇంకేదో అనబోయి, పెద్దాఫీసరు మొహం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు. సన్యాసిరావు పిల్లాణ్ణి ఎత్తి, దేవుడి అరచేతుల మీద, ఆ ఎండలో కూర్చోబెట్టి, నడుం పట్టుకుని పక్కకి వంగాడు. నిన్న మట్టి పట్టీ ఊడాక, నోటితో ఊది, మెత్తటి బ్రష్షుతో దులిపిన మోకాలి మీద బూటు మడమ టకటకా కొట్టుకుంటోంది.

పిల్లాడు ఏడుపు మొహం పెట్టాడు.

"ఏడవకురా కన్నా. చూడు, అంకుల్ ఎలా పట్టుకున్నాడో. నీ పేరేంటయ్యా?" అంది ధనలక్ష్మి, చివరి మాట సన్యాసిరావు వైపు తిరిగి.

"రావండి."

"ఒట్టి రావేనా? పూర్తి పేరేదీ?"

వంగి ఉన్నవాడికి అబద్ధమాడటం కుదరలేదు. "సన్యాసిరావండి."

"ఈయన దగ్గర పనికి సరిగ్గా సరిపోయాడే!" అన్నాడు పెద్దాఫీసరు. తిరుమలరావు అవసరానికి మించి నవ్వాడు. ఆ నవ్వులకి పిల్లాడి ఏడుపు ఆగిపోయింది. ఇంట్లో డ్రైవర్ని తిట్టేటప్పుడు విన్న మాటే అయుంటుంది, వాడి మొహం వెలిగింది.

"సన్నాసీ!" అని అరిచాడు.

రాతి గది ఆ మాటని పట్టుకుని గట్టిగా తిరగ్గొట్టింది. వాడికి అది మరీ నచ్చింది. "సన్నాసీ! సన్నాసీ!"

కంచె దగ్గర ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒళ్లో బిడ్డ. పట్టుకున్నవాడు ఆ పేరువాడు. గట్టిగా పిలుపు. ఏ ముక్కా తక్కువ కాలేదు. "ఓలమ్మో, పిలుపు పడిపోనాదే!" అంది ఎవరో.

సన్యాసిరావు తల తిప్పాడు. సీతాలు అతన్ని చూడటం లేదు. ఆ పిల్లాణ్ణి చూస్తోంది, ఎవరో తన వాకిట్లోంచి తన బిందె ఎత్తుకుపోతుంటే నోరు రాక చూసినట్టు.

ఫోటో అయిపోయింది. పిల్లాణ్ణి దించారు. సీతాలు అప్పుడు కంచె ఊపింది.

"బాబూ! అయ్యగారూ! మా గుంటణ్ణి కూడా ఒక్క పాలి ఎట్టనీండి. ఆ బాబునెట్టినారు కదా. ఆడు నెగలడు, ఎట్టకపోతే ఆడు బతకడు."

"ఏం కావాలంట?" అన్నాడు పెద్దాఫీసరు.

"ఊళ్లో మూఢనమ్మకాలు సార్. పసుపు పూసి పాడుచేస్తారు" అన్నాడు తిరుమలరావు. "ఏమ్మా, వెళ్లు, వెళ్లు. రావ్, పంపించెయ్యి."

సన్యాసిరావు గేటు దగ్గరికి వెళ్లాడు. చెయ్యి మొలతాడు మీదికి పోయింది. తాళంచెవి దొరికింది. తిరుమలరావు చూస్తున్నాడు. అలా పట్టుకునే నిలబడిపోయాడు.

మాస్టారు చెప్పుల్లేని కాళ్లతోనే కంచె దగ్గరికి వచ్చాడు. మంచి మనిషి, ఆమె కళ్లనీళ్లు చూసి ఊరుకోలేకపోయాడు. కంచె ఇవతల గొంతుక్కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"అమ్మా, నువ్వేం బాధపడకు. ఈయన సన్యాసి దేవుడు కాదు. తీర్థంకరుడు, జైనుల గురువు. ఈయన ఎవరికీ వరాలివ్వడు, శపించడు. ఎవరి మొక్కూ వినడు. కోరికలన్నీ వదిలేసి వెళ్లిపోయిన మనిషి. ఆయన గొప్పతనం అదే. నీ మనవడు ఒళ్లో కూచున్నా కూచోకపోయినా ఒకటే. టీకాలు వేయిస్తున్నారా?"

"ఏయిత్తన్నాం బాబూ."

"అయితే నిశ్చింతగా ఉండు."

"ఎవలికీ ఏటీ ఇవ్వడా?"

"ఇవ్వడమ్మా."

సీతాలు ఆయన్నీ, ఆయన వెనక చీకట్లో కూర్చున్న దేవుణ్ణీ మార్చి మార్చి చూసింది. అబద్ధం చెప్పే మొహం కాదది. అందుకే ఆ మాట అంత లోతుకి దిగింది. గుంటణ్ణి భుజాన వేసుకుని మెట్ట దిగిపోయింది.

ఆ రోజు సన్యాసిరావు అన్నం సగంలో లేచాడు. తిరుమలరావు భయం ఒక పక్క, సీతాలు చూపు ఒక పక్క. మధ్యలో ఆ మాస్టారు మాట చేపముల్లులా అడ్డం పడింది. ఎవరికీ ఏమీ ఇవ్వకపోతే, ముగ్గురు పోయిన ఇంట్లో నన్నెవరు ఉంచినట్టు? అమ్మ బతికినన్నాళ్లూ ప్రతి పున్నమికీ ఈ మెట్టెక్కింది. ఆవిడ ఎవరికి దణ్ణం పెట్టినట్టు?

తెల్లారి, సోమవారం, నిశ్చయించుకున్నాడు. ఉద్యోగం పోతే పోనీ. ఒడి నిండిందంటే నిండలేదని తను చెబుతాడు. మొక్కులేని పిలుపు పిలుపెలా అవుతుంది? ఆ పేరువాడు తను, తన మాట చెల్లదా? గేటు బార్లా తీసి, తాళాన్ని కొక్కేనికి తగిలించి, సీతాలు ఇంటికి దిగాడు.

సత్యశ్రీ అరుగు మీద గుంటడికి ఒళ్లు తుడుస్తోంది. మొగుడు ఫిషింగ్ హార్బర్లో బోటెక్కాడు, వారం దాకా రాడు. సీతాలు పొయ్యి ముందు చేపలు తోముతోంది.

"లెగవే సీతాలూ. గేటు తీసే ఉంచినాను. గుంటణ్ణి తీసుకురా. పసుపు కూడా తే. సేసిందేదో నిండుగా సేద్దాం."

సీతాలు తలెత్తలేదు. చేప పొట్ట చీరి, లోపలిది వేలితో లాగి పక్కన పడేసింది.

"ఒద్దులే అన్నియ్యా."

"నిన్నటి దానికా? ఆ గుంటడికేటి తెల్సు? ఆల్లు మొక్కుకున్నారా? అది నెక్కనోకి రాదు. నాను సెప్తన్నాను కదా."

"దానిక్కాదు. నిన్నంతా అదే ఏడుపేడిసినాను. మా ఒడి ఎవలో లాక్కున్నారని." ఇంకో చేప అందుకుంది. "తరవాత అనిపించింది, ఇవ్వనోడి ఒళ్లో ఎవలి పిల్లణ్ణెడితే ఏటి? ఆ మేస్టారు సెడ్డోడు కాదు. నా కాడ కూకోనీసి సెప్పినాడు. సదువుకున్నోడు, అబద్దం ఎందుకాడతాడు?"

"ఆయనకేటి తెల్సే! గోడ గురించి తెల్సు. రాయి గురించి తెల్సు. మనకి..."

"మనకేటి తెల్సు?" అంది సీతాలు. ఎగతాళిగా కాదు. నిజంగానే అడిగింది. చెబితే వినేటట్టు కళ్లెత్తి చూసింది కూడా.

సన్యాసిరావు అరుగు మీది గుంటడి వైపు తిరిగాడు.

"పేరెట్టేసినాం మావయ్యా" అంది సత్యశ్రీ మెల్లగా. "విహాన్. పోన్లో చూసి ఈడి నాన్నే సెప్పినారు, పొద్దున్న బోటెక్కేముందు. నీ పేరు సెడ్డదని కాదు మరి. రేపు బడికెల్తే నవ్వుతారు కదా పిల్లలు."

"నవ్వుతారు. నవ్వకేటి" అన్నాడు. "ఏటన్నావు? ఇయానా?"

"ఇయాన్ కాదు మావయ్యా. విహాన్."

"ఇయాన్."

సత్యశ్రీ నవ్వింది. సీతాలూ నవ్వింది. చేతికి పొలుసులంటుకుని మెరుస్తున్నాయి. అతనూ నవ్వాడు. గుంటణ్ణి ఒకసారి ఎత్తుకున్నాడు. బరువుగా, వెచ్చగా, ఏ దేవుడి దయా అక్కర్లేనంత నిండుగా ఉన్నాడు. దించి అరుగు మీద పడుకోబెట్టి లేచాడు.

"టీ తాగెల్లు అన్నియ్యా."

"గేటు తీసుంది" అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియలేదు.

ఆ వారమంతా గేటు తాళం వెయ్యలేదు. ఏ ఆడమనిషీ ఎక్కి రాలేదు. మాస్టారి మాట ఊరంతా తిరిగినట్టుంది. తిరుమలరావు వచ్చి, మెడ మడతలో రుమాలు పెట్టి తుడిచి, తెల్లగా ఉన్న రుమాలు చూసి "ఇప్పుడు దారికొచ్చావు" అన్నాడు. సన్యాసిరావు మోకాలి మీద బూటు మడమ గీతలు నిమురుతూ అలాగేనండి అన్నాడు. గోడ పక్కన నడిచేటప్పుడు అతుకుల మీద వేలు పెట్టి చూడటం అలవాటైంది. నిజంగానే గోరు దూరదు. ఎంత బాగా కట్టారు వెధవలు, అనుకునేవాడు. ఎవరికోసం కట్టారో పేరైనా చెప్పి పోలేదు.

శనివారం సాయంత్రం మెట్ట వెనక కాలిబాట మీద పోతమ్మ పోతోంది. కళ్లు సరిగా ఆనని ముసలిది, ఒక నెల రోజులు సిటీలో కూతురింట్లో ఉండి అప్పుడే ఊరికి తిరిగొస్తోంది. ఊళ్లో ఏం జరిగిందో ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. గుడి ఎటుందో అంచనా వేసుకుని, సంచీ కింద పెట్టి, రెండు చేతులూ జోడించింది.

"సన్నాసి బాబూ! ఇంటికొచ్చేసినాను. పిల్లలందర్నీ సల్లగా సూడు."

సన్యాసిరావు లోపలికి చూశాడు. ఆయన కళ్లు సగం మూసుకునే ఉన్నాడు. ఆయన ఎవరో, ఆయన పేరేమిటో చదువుకున్నవాళ్లకే తెలియదు. ముసలిది చేతులు దించకుండా నిలబడే ఉంది.

ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు గనక, "అలాగేనమ్మా, ఎల్లు" అన్నాడు.